నలభై ఆరు డిగ్రీల పసుపు

డిసెంబర్ 3, మంగళవారం

కుక్క.

అంత దట్టంగా పొగమంచు ఉంటే ఎవరికైనా ఏం కనిపిస్తుంది? పాత మిల్లు గోడ దగ్గర మలుపులో వ్యాన్‌కి ఎడమవైపు ఏదో తగిలింది. అక్క బ్రేకు వేసింది. అంతే. ముందు బంపర్ మూల అరచేయంత సొట్ట. అక్క నన్ను ఆఫీసు దగ్గర దింపి, ఎప్పటిలాగే పదకొండు మంది పిల్లల్ని ఎక్కించుకుని బడికి వెళ్ళిపోయింది.

సాయంత్రం కంచం ముందు కూర్చుని అడిగింది.

"పాపం, ఎవరైనా పెంచుకునేదేమోనే పొట్టీ. మెడకి పట్టీ ఉందా?"

"లేదు."

"చచ్చిపోయిందా?"

"పారిపోయిందక్కా. ఎన్నిసార్లు చెప్పాలి?"

అక్క తిన్నాక బయటికి వెళ్ళి ఆ సొట్టని తడిగుడ్డతో చాలాసేపు తుడిచింది.

డిసెంబర్ 4, బుధవారం

ఆఫీసుకి బస్సులో వెళ్ళాను. మిల్లు రోడ్డు మీదుగా వెళ్ళని బస్సు. ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఫర్వాలేదు.

డిసెంబర్ 6, శుక్రవారం

కొత్త పని వచ్చింది. తప్పిపోయినవాళ్ళ వివరాలు పెట్టే వెబ్‌సైటు, ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళది. ఎవరో పదేళ్ళ కిందట కట్టి గాలికి వదిలేశారు. దాన్ని మొదటి నుంచి మళ్ళీ రాయాలి. కోడ్ నేను, పరీక్షించేది భూతద్దం. ఆ పేరు నేనే పెట్టాను. పేజీలో ఒక గీత ఒక్క చుక్క పక్కకి జరిగినా పట్టేస్తుంది కాబట్టి. ఆమెకీ తెలుసు, పైగా లోలోపల గర్వం కూడా.

ఒక్కో మనిషికి ఒక్కో కార్డు. ఫొటో, వయసు, చివరిసారి ఎప్పుడు ఎక్కడ చూశారు. ఆ కింద చిన్న చిన్న రంగు గళ్ళు. ఇల్లు వదిలినప్పుడు వేసుకున్న బట్టల రంగులు అవి. ఎవరికైనా ఎక్కడైనా దిక్కుతోచని మనిషి కనిపిస్తే, ఒంటి మీది రంగు ఎంచుకుని వెతకొచ్చు. "జనం ముఖాలు మర్చిపోతారండీ, రంగు గుర్తుంచుకుంటారు" అన్నాడట సంస్థ పెద్దాయన.

ఆ రంగుల్ని కోడ్‌లో ఎలా రాయాలన్నదాని మీద గంటన్నర గొడవ. మేనేజర్ పేర్లతో రాసెయ్యమంటాడు. "రెడ్, బ్లూ, గ్రీన్. ఎవడు చదివినా అర్థమవుతుంది, పని అయిపోతుంది." బ్రౌజర్లకి నూట నలభై చిల్లర పేర్లు తెలుసు, నిజమే. కానీ ఒకరికి బూడిద రంగైనది ఇంకొకరికి వెలిసిన నీలం. భూతద్దానికి హ్యాష్ గుర్తు పెట్టి ఆరు అక్షరాలు రాయడమే ఇష్టం. పొట్టిగా ఉంటుంది, కచ్చితంగా ఉంటుంది, లోకమంతా అదే వాడుతుంది. "సరే, ఆ ఆరు అక్షరాలు చదివి అది ఏ రంగో కళ్ళు మూసుకుని చెప్పు చూద్దాం" అన్నాను. ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని మూడు అంకెలు రాసినా అదే గతి. పసుపులో ఆకుపచ్చ కాంతి ఉందంటే ఏ తల్లి నమ్ముతుంది?

నేను చక్రం పద్ధతి చెప్పాను. రంగులన్నీ గుండ్రంగా పేర్చి ఉంటాయి. సున్నా డిగ్రీల దగ్గర ఎరుపు, అరవై దగ్గర పసుపు, నూట ఇరవై దగ్గర ఆకుపచ్చ, రెండొందల నలభై దగ్గర నీలం. ముందు ఆ డిగ్రీ రాయాలి, తర్వాత ఎంత చిక్కన, ఆ తర్వాత ఎంత వెలుతురు. మనుషులు మాట్లాడుకునేది కూడా అలాగే కదా. అదే నీలం కానీ కాస్త వెలిసింది అంటారు. అదే ఎరుపు, ఇంకొంచెం ముదురు అంటారు. అవతల ఫోన్‌లో ఎవరైనా అలా చెబుతుంటే ఇవతల ఒక్క అంకె మారిస్తే చాలు.

మేనేజర్ చివరికి ఒప్పుకున్నాడు. మూడు రోజుల తర్వాత ఇవాళే ఆకలేసింది.

డిసెంబర్ 9, సోమవారం

పన్నెండు ఫారాలు వచ్చాయి. చేత్తో నింపినవి, స్కాన్ చేసి పంపారు. వరసగా ఎక్కించాను.

ఏడోది ఒక లెక్కల మాస్టారిది. రిటైరయ్యారు, డెబ్భై రెండేళ్ళు, మతిమరుపు జబ్బు. మూడో తారీఖు ఉదయం ఆరింటికి ముందే ఇంట్లోంచి వెళ్ళిపోయారు. కూతురు లేచి చూసేసరికి తలుపు బార్లా తీసి ఉంది. బూడిద రంగు ప్యాంటు. పచ్చ స్వెటర్.

నింపేసి ఎనిమిదోదానికి వెళ్ళాను.

మధ్యాహ్నం భూతద్దం కుర్చీ లాక్కుని నా పక్కకి వచ్చింది. "ఏడో కార్డు చూడు. స్వెటర్‌కి పసుపు పెట్టావేంటి?"

"పచ్చ అని ఉందిగా."

"పచ్చ అంటే?"

"పసుపుపచ్చ."

"ఆకుపచ్చ కూడా పచ్చే. పచ్చగడ్డి పసుపా మరి? పోలీసు నోటీసు జత చేశారు చూడు, అందులో ఆకుపచ్చ అని స్పష్టంగా రాశారు." తెర మీదికి వంగింది. "అది పక్కన పెట్టు. మిగతా కార్డులన్నిటికీ రౌండు అంకెలు వేశావు. రెండొందల నలభై, యాభై, యాభై. దీనికి మాత్రం నలభై ఆరు, డెబ్భై ఎనిమిది, యాభై ఒకటి. ఇంత లెక్క ఎక్కడిది నీకు?"

"చెయ్యి జారింది."

"మూడు చోట్లా జారిందా?" నవ్వింది. నేనూ నవ్వాను.

మూడో తారీఖు. ఊరన్నాక రోజూ ఎవరో ఒకరు ఇల్లు వదిలి వెళ్తూనే ఉంటారు.

ఫొటోలో ఆయన తెల్లచొక్కాతో నల్లబల్ల ముందు నిలబడి ఉన్నాడు. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు.

డిసెంబర్ 10, మంగళవారం

ఆకుపచ్చ చేశాను. నూట ఇరవై, యాభై, నలభై. నోటీసులో ఏది ఉంటే అదే పెట్టాలి కదా. సొంత తెలివి ఉపయోగించడానికి మనమెవరం?

డిసెంబర్ 11, బుధవారం

సైటు జనంలోకి వెళ్ళింది. తొమ్మిదింటికి ఆఫీసుకి వచ్చి చూస్తే ఏడో కార్డు మీద పసుపు. బ్రౌజర్‌లో పాత కాపీ మిగిలిపోయి ఉంటుంది. తుడిచేసి మళ్ళీ ఆకుపచ్చ పెట్టాను. భూతద్దం తన ఫోన్‌లో చూసి సరే అంది.

డిసెంబర్ 12, గురువారం

మళ్ళీ పసుపు. పాత కాపీ కాదు. కోడ్‌లోనే ఉంది.

ఆకుపచ్చ చేశాను.

డిసెంబర్ 13, శుక్రవారం

ఇవాళ కూడా.

ఏ వరసని ఎవరు ఎప్పుడు మార్చారో మాకు ఒక పట్టీ ఉంటుంది. పొద్దున దాన్ని తెరిచాను. మూడు రోజులూ నా పేరే ఉంది. నా లాప్‌టాప్ నుంచే. ఉదయం ఆరూ నలభై, ఆరూ నలభై, ఆరూ నలభై.

ఆ వేళకి నేను మంచం మీద ఉంటాను. ఏడున్నరకి గానీ లేవను, ఆ సంగతి ఇంటి గోడలకి కూడా తెలుసు.

ఇంటికొచ్చి అక్కని అడిగాను, పొద్దున్నే నా లాప్‌టాప్ ఎవరైనా ముట్టుకున్నారా అని.

"ఎవరున్నారే ఇంట్లో ముట్టుకోవడానికి? నువ్వే కదా కూర్చుంటున్నావు. నేను వ్యాన్ కడగడానికి లేచేసరికి వంటింట్లో బల్ల దగ్గర ఉంటావు. లైటు కూడా వెయ్యవు. తెర వెలుగు పడి ముఖమంతా పచ్చగా ఉంటుంది. టీ తాగుతావా అంటే ఉలకవు, పలకవు. పని నెత్తి మీద ఉందేమోలే అనుకున్నా."

"నా కళ్ళు తెరిచే ఉన్నాయా?"

"తెరవకుండా ఎలా కొడతావే?" అంటూ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నా ముఖంలోకి చూసింది. "ఏమైందే నీకు?"

నిద్ర సరిగ్గా పట్టడం లేదన్నాను. నిజానికి బాగానే పడుతోంది. అదే భయంగా ఉంది.

డిసెంబర్ 14, శనివారం

లాప్‌టాప్‌ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి అక్కకి ఇచ్చాను. ఎందుకని అడగలేదు. దిండు కింద పెట్టుకుంది.

ఒక రంగుని రెప్ప వేయకుండా అర నిమిషం చూసి తెల్లగోడ వైపు తిరిగితే, చక్రం మీద దానికి సరిగ్గా ఎదురుగా ఉండే రంగు గోడ మీద కనిపిస్తుంది. ఎరుపు చూస్తే నీలం కలిసిన ఆకుపచ్చ. పసుపు చూస్తే నీలం. కంటికి ఇది మామూలే, నేనే కొత్తగా చేరినవాళ్ళకి ఆటలాగా చూపిస్తుంటాను.

కానీ ఇవాళ నేను ఏ తెరా చూడలేదు. స్నానాలగదిలో ముఖం కడుక్కుని తలెత్తాను. తెల్లపలకల మీద నీలం మరక. నిలువుగా లేదు. అడ్డంగా, నేలకి దగ్గరగా ఉంది. పడుకున్న మనిషంత పొడవు.

కళ్ళు ఆర్పాను. మరక పోలేదు. కళ్ళు మూసుకుంటే పసుపు, తెరిస్తే నీలం.

డిసెంబర్ 15, ఆదివారం

బీరువా తలుపు తీసి ఉంది. తాళంచెవి అక్క దిండు కిందే ఉందట. తను తీయలేదట. నా కుడిచేతి వేళ్ళకి ఇనుము వాసన.

ఏడో కార్డు తెరిచి చూడలేదు. చూడక్కర్లేదు కూడా. ఎనిమిదిన్నరకి ఆకుపచ్చ చేసేశాను, కళ్ళు మూసుకుని.

డిసెంబర్ 16, సోమవారం

మాస్టారి కూతురు ఆఫీసుకి వచ్చింది.

యాభై దాటి ఉంటాయి. సంస్థవాళ్ళ దగ్గర మా చిరునామా కనుక్కుని, రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో కాగితం సంచి. మేనేజర్ ఆమెని నా బల్ల దగ్గరికి తీసుకొచ్చి, "రంగు గురించి ఏదో చెబుతున్నారు, చూడమ్మా" అని తప్పుకున్నాడు. కుర్చీ ఇచ్చాను. కూర్చోలేదు.

"ఈ స్వెటర్ నేనే అల్లానండీ. మిగిలిన ఊలు ఇది." సంచిలోంచి చిన్న ఉండ తీసి నా కీబోర్డు మీద పెట్టింది.

దాన్ని ముట్టుకోలేదు నేను.

"పోలీసులకి పచ్చ స్వెటర్ అని చెప్పాను. వాళ్ళు ఆకుపచ్చ అని రాసేసుకున్నారు. నేనా గాభరాలో చదవకుండానే సంతకం పెట్టాను. తర్వాత ఎన్నిసార్లు తిరిగినా, రంగుదేముందమ్మా, మనిషి దొరకాలి గానీ అంటారు. సరే, మీ పేజీలోనైనా సరిగ్గా ఉండాలని వచ్చాను." ఆగింది. "అసలు విషయం అది కాదండీ. నాకు పొద్దున్నే మెలకువ వచ్చేస్తుంది. రోజూ లేవగానే నాన్న కార్డు తెరిచి చూస్తాను. ఏడింటికి చూస్తే పసుపే ఉంటుంది. అచ్చంగా ఈ ఊలు రంగే. తొమ్మిది దాటాక చూస్తే ఆకుపచ్చ అయిపోతుంది. రోజూ ఇదే. ఎవరు మారుస్తున్నారమ్మా?"

భూతద్దం తన బల్ల దగ్గర కీబోర్డు కొట్టడం ఆపేసింది.

"సిస్టమ్‌లో ఏదో తప్పండీ" అన్నాను.

"మరి ఆ పసుపు మొదట పెట్టిందెవరు? నేను ఊలు ఎవరికీ చూపించలేదు. ఆ స్వెటర్‌తో ఫొటో కూడా లేదు. చూడకుండా ఇంత సరిగ్గా ఎలా పెట్టారు?" గొంతు తగ్గించింది. "వాళ్ళెవరో మా నాన్నని ఎక్కడైనా చూశారా?"

అంకెలు తెరిచాను. ఆమె ఊలు ఉండని తెరకి ఆనించి పట్టుకుంది. నేను అరవై దగ్గర మొదలుపెట్టి, ఏమీ తెలియనట్టు ఒక్కో డిగ్రీ తగ్గించుకుంటూ వచ్చాను. "ఇంకొంచెం... ఇంకొంచెం పండాలి... చిక్కగా చెయ్యండి... అమ్మో, అంత కాదు... ఆ, ఇక్కడ ఆపండి." నేను ఆపలేదు, నా వేళ్ళు అంతకుముందే ఆగిపోయాయి. నలభై ఆరు, డెబ్భై ఎనిమిది, యాభై ఒకటి.

"ఇదే" అంది. తెర మీద ఆ గడిని బొటనవేలితో నిమిరింది. "ఈసారి మార్చకండమ్మా, మీకు పుణ్యముంటుంది."

డిసెంబర్ 17, మంగళవారం

పొద్దున ఆరూ నలభైకి పట్టీలో ఏమీ లేదు. తెల్లారే వరకూ కదలకుండా పడుకున్నానట, అక్క చెప్పింది.

రాస్తాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధం రాసుకుంటే ఇక నిజం పెట్టుకోవడానికి చోటెక్కడ?

ఆ రోజు నాకు ఆఫీసులో తొందర పని ఉండి పెందలాడే బయల్దేరాం. అక్క నడుపుతోంది. నేను పక్క సీట్లో కూర్చుని, ఒక బట్టల దుకాణం పేజీ కోసం ఫోన్‌లో రెండు రంగులు పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. రెండిటికీ మూడు డిగ్రీలు తేడా. మామూలు కంటికి తెలియను కూడా తెలియదు. "అక్కా, వీటిలో ఏది బాగుంది?" అన్నాను. "ఉండవే, మంచు" అంది. "ఒక్కసారి చూడక్కా." ఫోన్ తీసుకెళ్ళి ఆమె ముఖం ముందు పెట్టాను, ఆమె కళ్ళకీ రోడ్డుకీ మధ్య. "ఎడమది" అంది. అప్పుడే తగిలింది. ఫోన్‌లో టైము ఆరూ నలభై.

అక్క స్టీరింగు వదల్లేదు. నేను దిగాను. వెనక్కి నడిచాను. ఎటు చూసినా తెలుపు. నా చెయ్యి నాకే సరిగ్గా కనబడలేదు. ఆ తెలుపులోంచి పసుపు వచ్చింది. మిల్లు గోడకీ రోడ్డుకీ మధ్య పల్లంలో, గడ్డిలో. కళ్ళు తెరిచే ఉన్నాడు. ఒక కాలు వంగకూడని వైపు వంగి ఉంది. నన్ను చూశాడు. నేను ఆయన ముఖం చూడలేక స్వెటర్ వైపు చూశాను. పని అలవాటు, మనసు దానంతటదే అంకెలు వేసేసింది. ముఖం చూడకుండా ఉండటానికి ఆ మూడు అంకెల్ని పట్టుకుని వేలాడాను.

వెనక్కి వచ్చాను. "ఏంటే అది?" అంది అక్క. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, అక్కకి పదిహేడు. జడ వెయ్యడం దగ్గర్నుంచి ఫీజు కట్టడం దాకా అన్నీ ఆమే. ఇప్పుడు ఆమెని స్టేషన్‌లో కూర్చోబెడతారు, వ్యాన్ లాక్కుంటారు, జైల్లో పెడతారు. ఇవన్నీ ఆ క్షణంలోనే తోచాయి. "కుక్క" అన్నాను.

అక్కని కాపాడాలనుకున్నాను.

పై వాక్యం రాసి చాలాసేపు చూశాను. ఫోన్ పట్టుకున్న చెయ్యి నాది.

డిసెంబర్ 18, బుధవారం

సెలవు పెట్టి మిల్లు రోడ్డుకి వెళ్ళాను. ఎండగా ఉంది. పల్లంలోకి దిగాను. గడ్డి ఒక చోట నలిగి, మళ్ళీ లేస్తోంది.

ఎవరూ లేరు.

ఏం చూస్తానని భయపడుతూ దిగానో అది అక్కడ లేదు. ఊపిరి పీల్చుకోవాలి కదా. కానీ విరిగిన కాలుతో మనిషి ఎంత దూరం పోగలడు? గోడ పొడుగునా నడిచాను, అటు చివరి నుంచి ఇటు చివరి దాకా. సున్నం వేసిన పొడవాటి తెల్లగోడ. నాతో పాటే ఆ నీలం మరక కూడా గోడ మీద వచ్చింది. నేను ఆగితే ఆగింది.

డిసెంబర్ 19, గురువారం

దొరికారు. బతికే ఉన్నారు.

భూతద్దమే ఫోన్ ఎత్తింది. రెండు గంటల దూరంలో ఇంకో ఊరి ఆసుపత్రి. రోగుల బట్టలు భద్రపరిచే స్టోర్ గదిలో పనిచేసే ఆవిడ చేసింది. కూరగాయల లారీవాళ్ళు మూడో తారీఖున ఎవరో పెద్దాయన్ని తెచ్చి, దింపి, పేరు చెప్పకుండా వెళ్ళిపోయారట. తుంటి ఎముక విరిగింది. తన పేరు చెప్పలేకపోయారు. ఒంటి మీద స్వెటర్‌ని కత్తిరించి తీసి, సంచిలో పెట్టి నంబరు వేశారు. పోలీసు నోటీసు వాళ్ళకీ అందింది కానీ అందులో ఆకుపచ్చ అని ఉంటే ఈయన కాదులే అని పక్కన పెట్టేశారట.

"ఇవాళ మీ పేజీలో చక్రం తిప్పి పసుపు దగ్గర ఆపితే మొదట వచ్చింది ఈయన కార్డేనండీ" అందట ఆవిడ. "పన్నెండో తారీఖు మధ్యాహ్నం కూడా వెతికాను. అప్పుడు రాలేదు మరి."

పన్నెండో తారీఖు. ఏడు రోజులు.

ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజర్ నా వీపు తట్టాడు. అందరూ వెళ్ళాక భూతద్దం నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"పట్టీ నేనూ చూశాను. ఆకుపచ్చ చేసింది నువ్వే, పసుపు చేసింది నువ్వే. ఎందుకని నేను అడగను. కానీ ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పు. నిన్నిలా చూడలేకపోతున్నాను."

డిసెంబర్ 20, శుక్రవారం

అక్క బఠాణీలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను. ఫోన్ దగ్గర్నుంచి మొదలుపెట్టి ఆసుపత్రి వరకూ. ఆమె చేతులు ఎక్కడ ఆగిపోయాయో నేను చూడలేదు. చెప్పడం అయ్యాక చూస్తే గింజలన్నీ నేల మీద ఉన్నాయి.

"కుక్క అన్నావు" అంది.

"అవునక్కా."

"దానికోసం మూడు రోజులు వెతికానే నేను. కుంటుతూ ఎక్కడైనా పడి ఉందేమోనని. పిల్లల్ని బడిలో దింపి, ఆ మిల్లు చుట్టూ తిరిగాను. బిస్కట్లు పట్టుకెళ్ళాను. గడ్డిలో ఎవరిదో చెప్పు ఒకటి కనిపించింది. దాన్ని దాటుకుంటూ వెళ్ళాను."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"పదకొండు మంది పిల్లలు. అదే వ్యాన్‌లో, అదే పొద్దున ఎక్కించుకున్నాను. నువ్వు చెప్పుంటే అప్పుడే ఆయన్ని పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళేదాన్ని కదే. పది నిమిషాల దూరం." లేచి నిలబడింది. "నా కోసం చేశానని మాత్రం అనకు."

"అనను."

మేకుకి వేలాడే వ్యాన్ తాళం తీసుకుంది. "పద."

"రేపు పొద్దున వెళ్దామక్కా."

"పద."

డిసెంబర్ 21, శనివారం

ఇద్దరి వాంగ్మూలాలూ విడివిడిగా రాసుకున్నారు. ఇన్‌స్పెక్టర్ వ్యాన్‌నీ అక్క లైసెన్సునీ ఉంచేసుకున్నాడు. కేసు ఎలా ఉంటుందో సోమవారం చెబుతానన్నాడు. మాస్టారి కూతురికి ఈ సంగతి కబురు చేసేది కూడా సోమవారమేనట. "అంతవరకూ ఆగకూడదు, మనమే వెళ్ళి చెప్పాలి" అంది అక్క.

ఇంటికొచ్చి పిల్లల తల్లిదండ్రులకి ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసింది. పదకొండు ఫోన్లు. ప్రతిసారీ మొదటి నుంచి చివరి వరకూ. ఏ ఒక్కసారీ నా పేరు ఎత్తలేదు.

డిసెంబర్ 22, ఆదివారం

బస్సులో రెండు గంటలు. వార్డు గుమ్మం దగ్గర అక్క ఆగిపోయింది. "ఆయన చూసింది నిన్ను. ముందు నువ్వెళ్ళు."

కిటికీ పక్క మంచం. కాలు బరువుకి కట్టి ఉంది. మాస్టారి కూతురు నన్ను చూసి ఒక్క ఉదుటున లేచి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"అంత దూరం నుంచి వచ్చారా! మీరు గనక ఆ రంగు సరిచేయకపోతే నాన్న ఇక్కడే అనాథలాగా..." నన్ను మంచం దగ్గరికి నడిపించింది. "నాన్నా, ఎవరొచ్చారో చూడు. నన్నే గుర్తుపట్టడం లేదండీ, వాళ్ళ అక్కయ్య అనుకుంటున్నారు."

చెప్పాలని నోరు తెరిచాను. ఈలోపు ఆయన తల తిప్పారు. నల్లబల్ల ముందు నిలబడ్డ మనిషి కళ్ళే.

"వచ్చావా" అన్నారు.

"అందరినీ అలాగే అంటారు, పట్టించుకోకండి" అంది ఆమె నవ్వుతూ. నా చేతులు వదల్లేదు.

"రెండు నిమిషాల్లో వస్తానన్నావు" అన్నారాయన. "మంచులో. నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పావు."

ఈ మాట నేను ఈ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. పదిహేడో తారీఖున అంతా రాశాననుకున్నప్పుడు కూడా రాయలేదు. అన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని అన్నాను. అనేటప్పుడు నిజంగానే వెనక్కి వస్తాననుకున్నానో లేదో, ఎంత తవ్వినా నాకు దొరకడం లేదు.

"ఎన్ని నిమిషాలైంది?" అన్నారు. కోపం లేదు గొంతులో. తరగతిలో వెనక బెంచీ పిల్లని లేపి అడిగినట్టుంది. "లెక్క చెప్పు."

గోడ గడియారంలో పదీ నలభై. పంతొమ్మిది రోజుల నాలుగు గంటలు. రోజుకి పద్నాలుగు వందల నలభై. నోట్లోనే గుణించుకున్నాను. ఎందుకు చేస్తున్నానో తెలియదు, చెయ్యకుండా ఉండలేకపోయాను.

"ఇరవై ఏడు వేల ఆరు వందలు, మాస్టారూ."

ఆయన వేళ్ళు దుప్పటి మీద నెమ్మదిగా కదిలాయి. సరిచూసుకుంటున్నారు.

"రెండు తియ్యి" అన్నారు. "ఆ రెండూ నేనిచ్చినవే కదా."

"ఇరవై ఏడు వేల ఐదు వందల తొంభై ఎనిమిది."

"ఆ" అన్నారు. కళ్ళు మూసుకున్నారు.

అప్పటికి ఆమె నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. నా ముఖంలోకి చూసింది. గుమ్మంలో నిలబడ్డ అక్క వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఒక చెయ్యి వదిలింది. కాసేపాగి రెండోది కూడా వదిలింది.

కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చోమనలేదు.

"చెప్పండి" అంది.